నల్లమందు కట్టడి – సలహాసంఘములు

గసగసాల కాయ పాలు ఔషధమునకును వ్యసనమునకును మూలము. దానిని శాసించువారు సలహాసంఘముల నాశ్రయించుట అందువలననే. 1893లో నియమితమైన రాయల్ కమిషన్ నిషేధ మక్కరలేదని 1895లో నివేదించెను. ప్రభుత్వాదాయపు లెక్క యందు కానవచ్చును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము, 6వ విభాగమున, అధ్యక్షుడు గాక 20 మందికి మించని సభ్యులతో కేంద్రమునకు సంప్రదింపుల సంఘమును నియమించు అధికారమిచ్చినది. 2019లో సమన్వయ సంఘములు నాలుగంతస్తులైనవి: రాష్ట్రమున ప్రధాన కార్యదర్శియు, జిల్లాలో కలెక్టరును (కన్నడనాట డి.సి.) అధ్యక్షులు. వీరికి పోలీసు కన్నుతోపాటు వైద్యుని కన్నును వలయును. ఏలయన, 2014 సవరణ క్యాన్సరు రోగులకు మార్ఫిన్ అందుట సుకరము చేయ నెంచగా, 2018లో ట్రమడాల్ అను నొప్పిమందు కట్టడిలోనికి వచ్చెను. శిడ్లఘట్ట 2007లో కోలారునుండి విడివడిన చిక్కబళ్ళాపురము జిల్లాలోనిది. ఆ జిల్లాలోని బాగేపల్లి దాటిన ఆంధ్రప్రదేశము. అచటి గ్రామములకు వేరొక సంఘము. తెలుగు కుటుంబములు ఇరువైపుల నున్నవి. మందు కొనుటకు దగ్గరి ఊరికే పోవుదురు.