సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్.యు.వి. ఎంపిక

సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్.యు.వి. ఎంపిక అనగా ఇతరులు కొంతకాలం వాడిన, పూర్తి పరిమాణం గల విలాసవంతమైన ఎస్.యు.వి. వాహనాలలో తగినదానిని పరిశీలించి కొనే విధానం. సాధారణంగా ఈ వాహనాలలో మూడు వరుసల సీట్లు, శక్తివంతమైన ఆరు లేదా ఎనిమిది సిలిండర్ల ఇంజను, తోలు సీట్లు, బరువైన ట్రెయిలర్‌ను లాగగల సామర్థ్యం ఉంటాయి. ఈ తరగతికి అతి పెద్ద మార్కెట్టులలో ఒకటి అమెరికా సంయుక్త రాష్ట్రాలు. కాడిలాక్ ఎస్కలేడ్, లింకన్ నావిగేటర్, లెక్సస్ ఎల్ఎక్స్, ఇన్ఫినిటీ క్యూఎక్స్80, మెర్సిడెస్ బెంజ్ జిఎల్ఎస్, రేంజ్ రోవర్ ఇందులో ముఖ్యమైనవి.

ఈ వాహనాల అమ్మకపు ధర ఏటేటా తగ్గుతుంది గాని విడిభాగాల ధర, మరమ్మత్తు కూలి ఆ మేరకు తగ్గవు. ఎంపికలోని చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. అందువలన వాహనం పేరు, అడిగిన ధర కంటే ఆ వాహనపు గతచరిత్ర, ప్రస్తుత స్థితి ముఖ్యమైనవి.

చరిత్ర

విలాసాన్ని, నాలుగు చక్రాల చోదకాన్ని కలిపిన తొలి వాహనాలలో అమెరికాకు చెందిన జీప్ సూపర్ వాగనీర్ (1966), బ్రిటనుకు చెందిన రేంజ్ రోవర్ (1970) పేర్కొనదగినవి. 1990లలో ఈ తరగతి విస్తరించినది. టయోటా ల్యాండ్ క్రూజర్ ఆధారంగా తయారైన లెక్సస్ ఎల్ఎక్స్ 450 1996లోను, ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ ఆధారంగా తయారైన లింకన్ నావిగేటర్ 1997లోను, జిఎంసి యూకాన్ డెనాలి ఆధారంగా తయారైన కాడిలాక్ ఎస్కలేడ్ 1998లోను మార్కెట్టులోకి వచ్చాయి. మెర్సిడెస్ బెంజ్ 2006లో జిఎల్ క్లాస్‌ను విడుదల చేసి, 2015లో దాని పేరును జిఎల్ఎస్‌గా మార్చినది.

అమెరికాలో వాహనాన్ని తయారైన సంవత్సరంతో కాక "మోడల్ సంవత్సరం"తో గుర్తిస్తారు. 1997లో విడుదలైన నావిగేటర్ 1998 మోడల్‌గా పిలువబడుతుంది. ఈ వ్యాసంలో లోపాల గురించి ఇచ్చిన సంవత్సరాలు మోడల్ సంవత్సరాలే.

ధర, నిర్వహణ ఖర్చు

కొత్తగా కొన్న మొదటి కొన్ని సంవత్సరాలలోనే ఈ వాహనాల ధర బాగా పడిపోతుంది. లెక్సస్ ఎల్ఎక్స్ ఇందుకు కొంత మినహాయింపు. మన్నికకు పేరుపొందినందున దాని పునర్విక్రయ విలువ మిగతావాటి కంటే నెమ్మదిగా తగ్గుతుంది.

ఉదాహరణకు కొత్తగా 80,000 డాలర్లు పలికిన వాహనం పదేళ్ళ తరువాత 18,000 డాలర్లకు దొరికినదనుకొంటే, ఆ సొమ్ముతో కొత్త చిన్న కారు కొనగలిగిన కుటుంబానికి ఇది గొప్ప బేరంగా కనిపిస్తుంది. కాని గేరుబాక్సు చెడిపోతే అమర్చవలసినది 80,000 డాలర్ల వాహనపు గేరుబాక్సే. కొన్న ధరలో గణనీయమైన భాగం ఒక్క మరమ్మత్తుకే పోవచ్చు. కనుక కొనుగోలుకు ఉద్దేశించిన సొమ్ములో కొంత భాగాన్ని మొదటి ఏడాది మరమ్మత్తుల కొరకు విడిగా ఉంచుకోవడం మంచిది.

ఇంధన వ్యయం కూడా లెక్కించవలసినదే. గ్యాలనుకు 15 మైళ్ళు, అనగా లీటరుకు సుమారు 6.4 కిలోమీటర్లు ఇచ్చే వాహనం ఏటా 15,000 మైళ్ళు తిరిగితే 1,000 గ్యాలన్ల పెట్రోలు కావాలి. గ్యాలనుకు 30 మైళ్ళు ఇచ్చే కారుకు అందులో సగం చాలు. అదీగాక వీటిలో చాలా ఇంజన్లకు ఖరీదైన ప్రీమియం పెట్రోలును కంపెనీలు సూచిస్తాయి.

నిర్మాణం

ఈ వాహనాలను నిర్మాణాన్ని బట్టి రెండు రకాలుగా విభజించవచ్చు.

చాసిస్ పై నిర్మించినవి: ఎస్కలేడ్, నావిగేటర్, ఎల్ఎక్స్, క్యూఎక్స్80 ఈ కోవకు చెందినవి. లారీ వలె బలమైన ఉక్కు చాసిస్ పై బాడీని బిగిస్తారు. బరువు లాగడానికి, గతుకుల దారులకు ఇవి అనువైనవి.

మోనోకాక్ నిర్మాణం గలవి: జిఎల్ క్లాస్, జిఎల్ఎస్, బిఎండబ్ల్యు ఎక్స్7, 2002 తరువాతి రేంజ్ రోవర్ ఇటువంటివి. వీటిలో చాసిస్, బాడీ ఒకే నిర్మాణంగా ఉంటాయి. రోడ్డుపై ఇవి కారు వలె సాఫీగా నడుస్తాయి.

బయటికి ఒకే పరిమాణంగా కనిపించే వాహనాలలో మూడవ వరుస సీటు మాత్రం చాలా భిన్నంగా ఉంటుంది. నావిగేటర్‌లో 2003 మోడల్ నుండి వెనుక చక్రాలకు స్వతంత్ర సస్పెన్షను ఉన్నందున నేల దిగువకు వచ్చి, మూడవ వరుసలో పెద్దవారు కూడా కూర్చోగలరు. ఎస్కలేడ్‌లో ఈ ఏర్పాటు 2021 మోడల్‌తో వచ్చినది. 2014 వరకు ఉన్న ఎస్కలేడ్‌లలో సామాను చోటు పూర్తిగా కావాలంటే మూడవ వరుస సీట్లను చేతులతో ఎత్తి బయట పెట్టవలసి వచ్చేది. ఎల్ఎక్స్ 570లో అవి రెండు పక్కలకు మడుచుకుంటాయి. మూడవ వరుస అవసరమున్న కుటుంబాలు అందులో స్వయంగా కూర్చొని చూడడం అవసరం.

మోడళ్ళ వారీగా తెలిసిన లోపాలు

ఒకే పేరు గల వాహనంలో సైతం ఒక సంవత్సరానికి, మరొక సంవత్సరానికి ఇంజను, దానితోపాటు లోపాలు మారుతాయి.

కాడిలాక్ ఎస్కలేడ్: 2007-2009 మోడళ్ళలోని 6.2 లీటర్ల వి8 ఇంజను నిర్మాణంలో సరళమైనది. 2010 నుండి అవసరం లేనప్పుడు నాలుగు సిలిండర్లను నిలిపివేసి ఇంధనాన్ని ఆదా చేసే ఏర్పాటు చేర్చారు. ఈ ఏర్పాటు గల ఇంజన్లలో కవాటాలను నడిపే లిఫ్టర్లు దెబ్బతినడం తరచుగా కనిపించే లోపం. 2021-2024 మోడళ్ళలోని 6.2 లీటర్ల ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు, కనెక్టింగ్ రాడ్ల తయారీ లోపాల కారణంగా 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ రీకాల్ ప్రకటించినది. అమెరికాలో ఎస్కలేడ్‌తో సహా దాదాపు ఆరు లక్షల వాహనాలు దీని పరిధిలోకి వచ్చాయి.

లింకన్ నావిగేటర్: 2005 నుండి 2014 వరకు వాడిన 5.4 లీటర్ల వి8 ఇంజనులో సిలిండరుకు మూడు కవాటాలు ఉంటాయి. నూనెను సకాలంలో మార్చని ఇంజన్లలో కవాటాల సమయాన్ని సరిచేసే భాగాలు అరిగి టకటక శబ్దం చేస్తాయి. వీటిలో తొలి సంవత్సరాలవాటిలో స్పార్క్ ప్లగ్గులు తీసేటప్పుడు విరిగి లోపలే ఉండిపోయేవి. 2015 నుండి రెండు టర్బోలు గల 3.5 లీటర్ల వి6 ఇంజను, 2018 నుండి అల్యూమినియం బాడీ వచ్చాయి.

లెక్సస్ ఎల్ఎక్స్: ఎల్ఎక్స్ 470 ఇంజనులో టైమింగ్ బెల్టును 90,000 మైళ్ళకు ఒకసారి మార్చాలి. ఎల్ఎక్స్ 570లో బెల్టుకు బదులు గొలుసు ఉన్నది. ఎత్తును సర్దుబాటు చేసే హైడ్రాలిక్ సస్పెన్షను మరమ్మత్తు ఖరీదైనది. 2024లో టయోటా ప్రకటించిన రీకాల్‌లో, ఇంజనులో మిగిలిపోయిన లోహపు తుక్కు కారణంగా 2022-2023 ఎల్ఎక్స్ 600 వాహనాలు కూడా ఉన్నాయి. మన్నికకు పేరుపొందిన కంపెనీ వాహనానికి కూడా తనిఖీ అవసరమేనని ఇది తెలుపుతున్నది.

మెర్సిడెస్ జిఎల్, రేంజ్ రోవర్: ఈ రెండింటిలోను గాలి సంచులపై ఆధారపడిన ఎయిర్ సస్పెన్షను ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు సంచులు పగిలి గాలి కారుతుంది. ఆ లోటు భర్తీ చేయడానికి ఎడతెగక పనిచేసి కంప్రెసరు కూడా చెడిపోతుంది.

వాహన తనిఖీ

ఇంజను చల్లగా ఉన్నప్పుడే తనిఖీ ప్రారంభించాలి. కొన్ని శబ్దాలు చల్లని ఇంజనును మొదటిసారి నడిపిన కొద్ది క్షణాలు మాత్రమే వినిపిస్తాయి. కొనేవారు వచ్చేసరికే ఇంజను వేడిగా ఉన్నదంటే కారణం అడగడం సబబు.

ఎయిర్ సస్పెన్షను గల వాహనాన్ని రాత్రంతా నిలిపి ఉంచి, ఉదయం నాలుగు మూలల ఎత్తు కొలవాలి. ఒక మూల కుంగి ఉంటే గాలి కారుతున్నట్లే.

1996 తరువాత అమెరికాలో అమ్మిన అన్ని కార్లలోను ఓబీడీ-2 అనే కంప్యూటరు తనిఖీ వ్యవస్థ ఉన్నది. చిన్న స్కానరుతో లోపాల సంకేతాలను చదవవచ్చు. సంకేతాలు ఏవీ లేకపోయినా, స్వీయపరీక్షలు "పూర్తి కాలేదు" అని చూపిస్తే, హెచ్చరిక దీపాన్ని ఇటీవల చెరిపివేసి ఉండవచ్చు లేదా బ్యాటరీని విప్పి ఉండవచ్చు. అటువంటి వాహనాన్ని కొన్ని రోజులు నడిపిన తరువాత మరల పరీక్షించాలి.

టైరు పక్కన ముద్రించిన సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. మంచు కురిసే రాష్ట్రాలలో రోడ్లపై ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి వాహనాల చాసిస్ అడుగుభాగాన తుప్పును ప్రత్యేకంగా చూడాలి. అమ్మకందారుతో సంబంధం లేని మెకానిక్కు చేత లిఫ్టుపై పరీక్ష చేయించడం వీటన్నిటిలో ముఖ్యమైనది. అమ్మకందారు అందుకు ఒప్పుకోకపోతే ఆ వాహనాన్ని విడిచిపెట్టడమే క్షేమం.

పత్రాలు, చట్టాలు

1981 నుండి ప్రతి వాహనానికి 17 అక్షరాలు, అంకెలు గల గుర్తింపు సంఖ్య ఉన్నది. ఇందులో పదవ స్థానం మోడల్ సంవత్సరాన్ని సూచిస్తుంది. ఈ సంఖ్య ఆధారంగా అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో పూర్తికాని రీకాళ్ళను ఉచితంగా తెలుసుకోవచ్చు. రీకాల్ మరమ్మత్తు జరగని పాత వాహనాన్ని డీలరు అమ్మడాన్ని సమాఖ్య చట్టం నిషేధించడం లేదు. కనుక ఈ బాధ్యత కొనేవారిదే. 2007-2014 ఎస్కలేడ్‌లు ఇందుకు ఉదాహరణ. వీటిలోని తకాటా ఎయిర్ బ్యాగులు పేలినప్పుడు లోహపు ముక్కలు ప్రయాణికులను గాయపరచే ప్రమాదం ఉన్నందున 2020 నవంబరులో ఇటువంటి 59 లక్షల జనరల్ మోటార్స్ వాహనాలను రీకాల్ చేయవలసిందిగా ప్రభుత్వం ఆదేశించినది.

డీలర్లు ప్రతి పాత వాహనపు కిటికీపై "కొనుగోలుదారు మార్గదర్శిని" అతికించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1985 నుండి నిబంధన అమలు చేస్తున్నది. అందులో "యథాతథంగా" అని ఉంటే కొన్న తరువాత మరమ్మత్తులకు డీలరు వారంటీ ఇవ్వడం లేదని అర్థం. ఓడోమీటరును వెనుకకు తిప్పడం నేరం. 2011, ఆ తరువాతి మోడళ్ళకు 20 ఏళ్ళ పాటు అమ్మినప్పుడల్లా తిరిగిన దూరాన్ని లిఖితపూర్వకంగా తెలపాలి.

యాజమాన్య పత్రమైన టైటిల్‌పై "సాల్వేజ్" ముద్ర ఉంటే బీమా కంపెనీ ఆ వాహనాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టినదని గ్రహించాలి. కత్రినా (2005), హార్వీ (2017), ఇయాన్ (2022) తుఫానుల తరువాత వరదలో మునిగిన వాహనాలు దూర రాష్ట్రాలలో అమ్మకానికి చేరాయి. కార్పెట్టు కింద బురద, సీటు పట్టాల తుప్పు, ముక్కవాసన వీటి గుర్తులు. కంప్యూటర్లు ఎక్కువగా ఉండే లగ్జరీ వాహనంలో నీటి నష్టం నెలల తరువాత బయటపడుతుంది.

భారతదేశంలో

అమెరికా నుండి తిరిగి వచ్చే ప్రవాసులు అక్కడి వాహనాన్ని వెంట తెచ్చుకోవడం సాధారణంగా సాధ్యం కాదు. దిగుమతి చేసుకునే పాత వాహనానికి స్టీరింగు కుడివైపున ఉండాలని, వాహనం తయారై మూడేళ్ళు మించరాదని భారత విదేశీ వాణిజ్య నిబంధనలు చెబుతున్నాయి. అమెరికా వాహనాల స్టీరింగు ఎడమవైపున ఉంటుంది.

దేశంలో ఇతర రాష్ట్రం నుండి ఇటువంటి వాహనాన్ని కొని హైదరాబాదు, విజయవాడ వంటి చోట్లకు తెచ్చేవారు పాత రవాణా కార్యాలయం నుండి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం పొందాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 12 నెలలకు మించి కొత్త రాష్ట్రంలో ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి జీవితకాల పన్నును కూడా బేరంలో కలిపి లెక్కించాలి.

ఇవి కూడా చూడండి

టయోటా ల్యాండ్ క్రూజర్
రేంజ్ రోవర్
ఓడోమీటరు
మోటారు వాహనాల చట్టం, 1988