బాలింతలకు ఫిట్‌నెస్ ఫ్రాంచైజీ: తక్కువ పెట్టుబడితో ఊళ్లోనే నడపొచ్చా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి..

కాన్పు తర్వాత ఒళ్లు మళ్లీ దారిలో పడాలంటే వ్యాయామం కావాలి. కానీ చంటిబిడ్డను వదిలి జిమ్‌కు వెళ్లేదెలా? ఈ ఇబ్బంది నుంచే ఓ ఫ్రాంచైజీ వ్యాపారం పుట్టింది. మరి అది చిట్టమూరు లాంటి మండల కేంద్రంలో నడుస్తుందా? ఖర్చెంత? జాగ్రత్తలేంటి? ఇప్పుడు తెలుసుకుందాం.

ఎలా మొదలైంది?

అమెరికాలోని శాన్ డియాగోలో లిసా డ్రక్స్‌మన్ అనే ఫిట్‌నెస్ ట్రైనర్ 2001లో తన తొలి కాన్పు తర్వాత 'స్ట్రోలర్ స్ట్రైడ్స్' మొదలుపెట్టారు. బిడ్డను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని తల్లులంతా పార్కులో వ్యాయామం చేస్తారు. హాలు అద్దె లేదు, మెషిన్లు లేవు. బిడ్డను ఎవరికో అప్పగించాల్సిన పనీ లేదు. తర్వాత ఇదే 'ఫిట్ ఫర్ మామ్' పేరుతో ఫ్రాంచైజీగా విస్తరించింది. పేరు, శిక్షణ కంపెనీవి.. క్లాసు నడిపేది మాత్రం స్థానిక మహిళ.

మన ఊళ్లో ఏం మారాలి?

పల్లె రోడ్ల మీద తోపుడు బండి కష్టమే. ఇక్కడ మేడ మీదో, కమ్యూనిటీ హాల్లోనో చాపలు పరిచి, పక్కనే పిల్లల్ని పడుకోబెట్టుకుంటే సరిపోతుంది. జిమ్‌ల మాదిరి తెల్లవారుజామున ఐదింటికి పెడితే ఎవరూ రారు. పెద్ద పిల్లలు బడికి వెళ్లాక పదిన్నరకో, సాయంత్రమో పెట్టుకోవాలి.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. మన దగ్గర చాలామంది కాన్పుకు పుట్టింటికి వస్తారు. మూడు నెలలకో ఐదు నెలలకో అత్తారింటికి వెళ్లిపోతారు. అలాంటివాళ్లు ఏడాది మెంబర్‌షిప్ ఎందుకు కడతారు? నెలవారీగా, లేదంటే క్లాసుకు ఇంత అని తీసుకోవడమే మేలు.

ముందు డాక్టర్ మాట.. తర్వాతే చాప

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి అందరితో ఒకేలా గంతులు వేయిస్తే ప్రమాదం. ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ సరేనన్నాకే రావాలి.

ఇబ్బందులేవీ లేని బాలింతలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అయితే మొదటి రోజే అంత అక్కర్లేదు. నడక, ఊపిరి వ్యాయామాలు, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మధ్యలో రక్తస్రావం, కళ్లు తిరగడం, కుట్ల దగ్గర నొప్పి కనిపిస్తే వెంటనే ఆపేసి ఆస్పత్రికి పంపాలి. కంపెనీ ఇచ్చే శిక్షణలో ఇవన్నీ లేకపోతే ఆ ఫ్రాంచైజీ తీసుకోకపోవడమే మంచిది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఉదాహరణకు 15 మంది తల్లులు నెలకు రూ.300 చొప్పున కడుతున్నారనుకుందాం. మొత్తం రూ.4,500. కంపెనీకి నెలకు రూ.3,000 ఫిక్స్‌డ్‌గా కట్టాలంటే చేతికొచ్చేది రూ.1,500. ఐదుగురు మానేస్తే వసూలైన రూ.3,000 అక్కడికే సరి.. మిగిలేది సున్నా. అదే వసూళ్లలో 10 శాతం రాయల్టీ అయితే 15 మంది ఉన్నప్పుడు రూ.4,050, పది మందే వచ్చినా రూ.2,700 మిగులుతుంది. అందుకే చిన్న ఊళ్లో శాతం పద్ధతే సేఫ్.

ఫ్రాంచైజీ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని కూడా మర్చిపోవద్దు. మీ ఏడాది ఆదాయం రూ.20 లక్షల లోపే ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోకపోతే, కట్టిన ఆ పన్ను తిరిగి రాదు.

పెట్టుబడి కోసం ముద్ర శిశు పథకంలో పూచీకత్తు లేకుండా రూ.50 వేల వరకు రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చుండదు. చేయిస్తామని ఎవరైనా డబ్బులడిగితే నమ్మొద్దు.

సంతకానికి ముందు..

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అంటే కాగితం మీద ఏం రాసుకుంటే అదే. అందుకే ఈ నాలుగూ చూసుకోండి:

* బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ ఉందా? ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు.
* మీ మండలంలో ఇంకొకరికి ఇవ్వబోమని రాసిచ్చారా?
* మధ్యలో మానేస్తే డిపాజిట్ ఎంత వెనక్కి వస్తుంది?
* మానేశాక సొంతంగా క్లాసులు చెప్పకూడదనే షరతు ఉందా?

అన్నిటికన్నా ముందు.. ఏ బ్రాండూ లేకుండా, మంచి శిక్షణ తీసుకున్న ట్రైనర్‌తో ఓ నెల రోజులు ఐదారుగురు తల్లులతో నడిపి చూడండి. రెండో నెల కూడా వాళ్లే వస్తే ఊళ్లో గిరాకీ ఉన్నట్టే. రాకపోతే ఎంత పెద్ద బ్రాండ్ బోర్డు పెట్టినా లాభం లేదు. అది తేలాకే ఫీజు కట్టాలా వద్దా అన్నది ఆలోచించండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను, ఒప్పందం చేసుకునే ముందు న్యాయ నిపుణులను సంప్రదించండి.