చార్మినార్ నుంచి జెద్దాకు ఎంత దూరం?

చార్మినార్ పై అంతస్తులో పడమటి వైపున ఒక మసీదు ఉంది. అక్కడ నమాజుకు నిలబడేవారి ముఖం మక్కా వైపు. తిన్నగా కొలిస్తే మక్కా సుమారు 4,070 కిలోమీటర్లు. ఆ గీత నేరుగా పడమరకు పోదు, సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి ఒరుగుతుంది. మక్కా మనకన్నా కాస్త ఉత్తరాన ఉండటం, భూమి గుండ్రంగా ఉండటం అందుకు కారణాలు.

శంషాబాద్‌లో విమానం ఎక్కితే జెద్దా విమానాశ్రయం దాదాపు 4,135 కిలోమీటర్లు, నేరు విమానంలో ఇంచుమించు ఆరు గంటలు. అక్కడి నుంచి మక్కాకు రోడ్డు మీద మరో 90–100 కిలోమీటర్లు. దుబాయ్ అయితే 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ప్రయాణం అరగంటో, ఇంకాస్త ఎక్కువో తగ్గుతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఏడాదిలో ఎక్కువ కాలం పడమటి గాలి వీస్తుంది; చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. వెళ్లేవారికి ఎదురైన గాలే ఇంటికొచ్చేవారిని ముందుకు తోస్తుంది.

గడియారం సంగతి ఇంకా సరదా. అర్ధరాత్రి 12కి ఇక్కడ బయల్దేరి ఆరు గంటలు ఎగిరినా, జెద్దాలో దిగేసరికి తెల్లవారుజాము మూడున్నరే. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. చార్మినార్ నాలుగు వైపులా గడియారాలు పెట్టిన 1889 నాటికి మన దేశమంతటికీ ఒకే సమయం లేదు. సూర్యుణ్ని బట్టి చూస్తే హైదరాబాద్ ఇప్పటికీ ప్రామాణిక కాలం కన్నా 16 నిమిషాలు వెనకే.

ఇక ఓడల కాలం. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి మన బందరుకు గోల్కొండ సుల్తాను పెద్ద ఓడలోనే వచ్చాడు. మే నెలలో ఎక్కినవాడు జులైలో దిగాడు. గోల్కొండకు చేరాలంటే ఆపైన మళ్లీ భూమార్గం! హజ్ యాత్రికులు ముంబై రేవులో ఓడ ఎక్కడం మాత్రం నిన్నమొన్నటి మాట. ఆ ఓడలు 1995లో ఆగిపోయాయి.

నన్ను బాగా ఆకట్టుకునే విశేషం మక్కాలోని నిజాం రుబాత్ అనే యాత్రికుల విడిది. హజ్‌కు వెళ్లినవారికి అక్కడ ఉచిత వసతి దొరుకుతుంది. అయితే పేర్లు ఖుర్రాలో, అంటే లాటరీలో, రావాలి. పాత హైదరాబాద్ సంస్థానం నేల మీది వారే అందుకు అర్హులు. కాబట్టి తెలంగాణ వారితోపాటు బీదర్, ఔరంగాబాద్ వారికీ హక్కుంది. 1956లో ఇక్కడ చెరిగిపోయిన సరిహద్దు నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఇంకా లెక్కలో ఉంది.

దూరాల లెక్కలో ఇంకో వింత: పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, 1768లో కట్టిన ఊరు. చార్మినార్ నుంచి అక్కడికి సుమారు 1,375 కిలోమీటర్లే, ఢిల్లీ కన్నా కొంచెం ఎక్కువ. కానీ నేరు విమానం లేదు. దుబాయ్ మీదుగా కరాచీలో దిగి, అక్కడి నుంచి రోడ్డు పట్టాలంటే దూరం దాదాపు మూడింతలవుతుంది.