అతుకుల బొంత... అద్దాల మేడకెక్కింది!

నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే చాలు, 'అతుకుల బొంత ప్రభుత్వం' అని వెక్కిరిస్తారు. ఎప్పుడు పిగిలిపోతుందో తెలియదని దాని భావం. బొంతలు కుట్టిన అమ్మమ్మలు మాత్రం ఈ పోలికకు ఒప్పుకోరు. పాత నేతచీరల్ని నాలుగైదు మడతలు పరిచి, అంచు నుంచి అంచుకు దగ్గరదగ్గరగా కుట్లు వేసుకుంటూ వచ్చిన బొంత అంత తేలిగ్గా పిగిలేది కాదు. ముగ్గురు పిల్లల్ని పెంచి, మనవల ఉయ్యాల దాకా వచ్చిన బొంతలెన్నో! తర్వాత్తర్వాత పాత చీరలు స్టీలు సామాన్లవాళ్ల మూటల్లోకీ, బొంతలు అటకల మీదికీ వెళ్లిపోయాయి.

అమెరికాలోనూ ఓ మారుమూల పల్లెలో ఆడవాళ్లు అచ్చం ఇలాంటి అవసరం కొద్దీ అతుకుల బొంతలు కుట్టారు. క్విల్టులంటారు వాళ్లు. చిరిగిన ప్యాంట్లు, ఎరువుల సంచులు, ఏది దొరికితే అది. అవి కూడా అటకెక్కాల్సినవే. కొన్నయితే దోమలకు పొగ వేయడానికి మంటల్లోకీ వెళ్లాయి. మిగిలినవి 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా శాఖ పది స్టాంపులు విడుదల చేసింది!

ఆ ఊరి పేరు జీస్ బెండ్. అలబామా రాష్ట్రంలో ఉంది. అలబామా నది ఇక్కడ పెద్ద వంపు తిరుగుతుంది. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క ఒకటే దారి. 1816లో జోసెఫ్ జీ అనే ఆసామి బానిసలతో వచ్చి ఇక్కడ పత్తి తోట వేశాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికొచ్చింది. అతని బానిసలు వందమంది దాకా ఉత్తర కరొలైనా నుంచి కాలినడకన ఇక్కడికొచ్చారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. బానిసత్వం పోయాక కూడా వాళ్ల వారసులు అదే నేలను కౌలుకు చేసుకుంటూ ఉండిపోయారు. యజమాని ఇంటిపేరే వాళ్ల ఇంటిపేరూ అయింది. అందుకే ఈ కథలో ఎవరిని కదిపినా పెట్‌వేనే.

ఊళ్లో పెద్ద కష్టం 1932లో వచ్చింది. కౌలు రైతులకు అరువిచ్చిన ఓ వ్యాపారి చనిపోతే, బాకీల కింద 60కి పైగా కుటుంబాల సొత్తును జప్తు చేసుకుపోయారు. పశువులు, పనిముట్లు, చివరికి దాచుకున్న తిండిగింజలు కూడా. ఆ చలికాలం రెడ్‌క్రాస్ రేషనే వాళ్లను బతికించింది. తర్వాత ప్రభుత్వం భూమి కొని, ఇళ్లు కట్టించింది. అప్పటిదాకా వాళ్లు ఉన్నవి చెక్క గుడిసెలు. సందుల్లోంచి గాలి రాకుండా గోడలకు పాత వార్తాపత్రికలు అంటించుకునేవాళ్లు. ఇక ఒంటి మీదికి బొంతలే దిక్కు.

పటం లేదు, టేపు లేదు

పత్తి పండించే ఊరే అయినా బొంతలోకి మంచి పత్తి దక్కేది కాదు. జిన్నింగు మిల్లులో నేల మీద రాలినదాన్ని ఊడ్చి తెచ్చి, కర్రలతో కొట్టి మెత్తగా చేసి లోపల పరిచేవాళ్లు. అడుగున సంచి గుడ్డ, మధ్యలో పత్తి, పైన అతుకుల పొర. మనవాళ్లు చీరల మడతల్నే కలిపి కుడితే, వాళ్లది మూడు పొరల పని అన్నమాట. పై పొర ఎవరికి వాళ్లు ఒంటరిగా కూర్చుని అతుక్కుంటారు. మూడు పొరల్నీ కలిపే కుట్టుకు మాత్రం చెక్క చట్రం చుట్టూ ఇరుగుపొరుగువాళ్లంతా చేరతారు. పాటలు, ప్రార్థనలు, ఊరి కబుర్లు... అన్నీ ఆ చట్రం చుట్టూనే.

'హౌస్‌టాప్' అని వాళ్లకో ఇష్టమైన డిజైను ఉంది. ఇంటి కప్పును పైనుంచి చూసినట్టు ఉంటుంది. మధ్యలో చిన్న చదరం ముక్క పెట్టి, దాని నాలుగు పక్కలా పట్టీలు కుట్టాలి. ఆ చదరానికి మళ్లీ నాలుగు పట్టీలు. అలా మంచమంత అయ్యేదాకా పెంచుకుంటూ పోవడమే. వినడానికి సులువే. కానీ ఒక రంగు గుడ్డ మధ్యలో అయిపోతే? దుకాణానికి వెళ్లి కొనే డబ్బుల్లేవు. చేతికందిన వేరే రంగు పట్టీ వేసేస్తారు. ముక్క పొట్టిదైతే ఇంకో ముక్క అతికి పొడవు చేస్తారు. దాంతో గీత వంకర పోతుంది, చదరం ఒరుగుతుంది. తర్వాత పట్టణపు విమర్శకులు 'ఆహా ఏమి పోకడ' అని మెచ్చుకున్నది సరిగ్గా ఆ ఒరుగునే! అలాగని అదంతా గుడ్డిగా జరిగిందనుకుంటే పొరపాటు. ఉన్న నాలుగు ముక్కల్లో ఏ ఎరుపు పక్కన ఏ నీలం వేయాలో వాళ్లకు తెలుసు. పక్కింటామె బొంతలా తన బొంత ఉండకూడదన్న పంతమూ ఉండేది.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకుంటే మేలు. పాత బట్టలన్నీ ముందే ఉతికి ఆరేయాలి. లేదంటే బొంత అయ్యాక ఒక్కో ముక్క ఒక్కోలా కుంచించుకుపోయి ముడతలు పడుతుంది. మోకాలి దగ్గరో మోచేతి దగ్గరో బాగా అరిగిన గుడ్డను వదిలేసి చుట్టూ కత్తిరించుకోవాలి. కుట్టుకు పావు అంగుళం విడవాలి.

చొక్కాల్లో మిగిలిన మనిషి

1942లో నథానియేల్ పెట్‌వే అనే రైతు జబ్బుచేసి చనిపోయాడు. భార్య మిస్సోరీ పెట్‌వే ఆయన పొలానికి వేసుకెళ్లే బట్టలన్నీ బయటికి తీసింది. పెద్ద కూతురు ఆర్లాంజియాను పక్కన కూర్చోబెట్టుకుంది. ప్యాంటు కాళ్లు, చొక్కా వెనక భాగాలు చించి ముక్కలు చేశారు. ఆయన గుర్తుగా ఆ బట్టలతోనే ఓ బొంత చేసి, ప్రేమతో దాన్నే కప్పుకుంటానని తల్లి చెప్పిందని ఆర్లాంజియా దశాబ్దాల తర్వాత కూడా తలుచుకునేది. ఎండకు వెలిసిన ఆ గుడ్డలతో కుట్టిన బొంత 2002 ప్రదర్శనలో ఉంది. చూసినవాళ్లకది రంగుల కూర్పు. ఆర్లాంజియాకు మాత్రం నాన్న ప్యాంటు.

ఇంతలో ఊరికి మరో దెబ్బ. నదికి అవతల ఒడ్డున క్యామ్డెన్ పట్టణం ఉంది. ఓటు నమోదు కావాలంటే అక్కడికే వెళ్లాలి. జీస్ బెండ్ నల్లజాతివారు ఓటు హక్కు కోసం పడవెక్కడం మొదలుపెట్టగానే 1962లో ఆ పడవను ఆపేశారు. కొద్ది నిమిషాల దాటు కాస్తా గంట ప్రయాణమైంది. 1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ వానలో ఈ ఊరొచ్చి మాట్లాడాడు. ఓటు నమోదుకు వెళ్లినందుకు కొందరి పనులు పోయాయి, ఇళ్లూ పోయాయి. ఆ పడవ మళ్లీ కదిలింది 2006లో... 44 ఏళ్లకు!

ఆ పోరాటపు రోజుల్లోనే ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఫాదరీ అటుగా వెళ్తూ దండెం మీద ఆరేసిన బొంతల్ని చూశాడు. ఆయన చొరవతో 1966లో 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే మహిళా సహకార సంఘం పుట్టింది. న్యూయార్క్‌లో వేలాలు, పెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చాయి. 1972లో సియర్స్ సంస్థ కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే పని ఇచ్చింది. చేతికి నాలుగు డబ్బులు వచ్చిన మాట నిజమే. కానీ దుకాణాలకు కావల్సింది ఒకదానిలా ఒకటి ఉండే సరుకు. వంకర గీతలకు అక్కడ చోటు లేదు. ఆ సరదా ఇంటికొచ్చాక తీర్చుకున్నారు. మిగిలిన కార్డురాయ్ ముక్కలు మూటగట్టి తెచ్చుకుని సొంత బొంతల్లో వేశారు. బంగారు పసుపు, ఆకుపచ్చ, ఎరుపు కార్డురాయ్ బొంతలు ఆ ఊళ్లో అలా పుట్టుకొచ్చాయి.

ఖరీదు ఎవరిది?

కట్టెల మోపు మీద కప్పిన బొంత ఒకటి... ఆ ఫొటో పుస్తకంలో చూసి 1990ల చివర్లో విలియమ్ ఆర్నెట్ అనే కళాఖండాల సేకర్త ఊరికొచ్చాడు. కుట్టినావిడ ఆనీ మే యంగ్. చుట్టూ వెలిసిన జీన్స్ ప్యాంటు కాళ్లు, మధ్యలో కార్డురాయ్ చారలు. 1976లో కుట్టింది. అంతకు వారం ముందే ఆమె కొన్ని పాత బొంతల్ని దోమల కోసం కాల్చేసిందట. అదృష్టం, ఇది మిగిలింది. వేల డాలర్లకు చెక్కు రాసిచ్చి కొన్నాడతను. గుడ్డపేలికలకు అంత డబ్బిస్తున్న మనిషికి పిచ్చేమో అనుకున్నారు ఊళ్లో.

తర్వాత హ్యూస్టన్ మ్యూజియం, అక్కడినుంచి విట్నీ. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు వీటిని అమెరికా ఆధునిక కళలోని అద్భుతాల్లో లెక్కగట్టి, మతీస్, క్లీల పేర్లు తలిచాడు. 2003లో ఊరి మహిళలు సొంత సంఘం పెట్టుకున్నారు. 2006 నాటికి ఒక్కో బొంత వెయ్యి డాలర్ల నుంచి 20 వేలకు పైగా పలికింది. డిజైన్లు తివాచీలు, దుప్పట్లు, స్టాంపుల మీదికెక్కాయి. అక్కడే పేచీ వచ్చింది. తమకు రావాల్సింది రాలేదంటూ 2007లో ఆనీ మే యంగ్ సహా ముగ్గురు మహిళలు ఆర్నెట్ల మీద కోర్టుకెక్కారు. వాళ్లు ఆరోపణల్ని కాదన్నారు. ఆ మర్నాడు ఏడాదిలో, 2008లో, కేసులు విచారణ దాకా పోకుండానే ముగిశాయి. ఎవరిది ఒప్పో తేల్చడం కష్టం. ఎవరి బుర్రలో పుట్టిన డిజైనో చెప్పే కాగితం బొంతకు ఉండదు మరి.

ఇప్పుడు కొంత మారింది. 2021లో జీస్ బెండ్ మహిళలు ఇంటర్నెట్‌లో ఎవరి పేరుతో వాళ్లు దుకాణాలు తెరిచి నేరుగా అమ్ముకోవడం మొదలుపెట్టారు. ధర నిర్ణయించేదీ వాళ్లే. 2022 అక్టోబరులో ఊళ్లో బొంతల పండగ పెట్టారు. ముక్కవాసన పోవడానికి పాత రోజుల్లో బొంతల్ని బయట ఆరేసినట్టే, ఆ రోజు ఇళ్ల ముందు దండేల నిండా బొంతలు ఆరేశారు. చూడవచ్చినవాళ్లలో కొందరు క్యామ్డెన్ నుంచి పడవలో నది దాటి వచ్చారు.