నురగ కుదిరితే గెడ్డం కుదిరినట్టే!

రేపు పొద్దున్నే ఇంటర్వ్యూ. అద్దం ముందు నిలబడి గబగబా క్రీమ్ రాసుకుని రేజర్ లాగితే, చర్రుమని మంట. గెడ్డం కింద రెండు రక్తపు చుక్కలు. బయటికి రాగానే అమ్మ చూసి, ‘ఏట్రా, మొహం పిల్లి రక్కినట్టుందేటి?’ అంటుంది. మనం బ్లేడుని తిట్టుకుంటాం. నిజానికి చాలాసార్లు తప్పు బ్లేడుది కాదు, నురగది.

శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు చదువుకో, కోచింగ్‌కో, పనికో విశాఖపట్నమో హైదరాబాదో వెళ్తూనే ఉంటారు. ఆర్మీకీ, పోలీసు ఉద్యోగాలకీ తయారయ్యేవాళ్లలో చాలామందికి గెడ్డం గీసుకోవడం రోజూ ఉండే పనే. ఊళ్లో బాగా వచ్చిన నురగ హాస్టల్లో రాదు. అదే క్రీమ్, అదే బ్రష్. మరి మారిందేంటి? నీళ్లు!

పప్పు ఉడకని నీళ్లు

ఈ సంగతి మన అమ్మమ్మలకి ఎప్పుడో తెలుసు. ‘ఈ బోరు నీళ్లకి పప్పు ఉడకదు’ అంటారు కదా, అవే ఈ నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్లని స్కూల్లో ‘కఠిన జలం’ అని చదువుకున్నాం. సబ్బు ఆ లవణాలతో కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచుకి పట్టేది కూడా అదే. ఇక నురగకి మిగిలే సబ్బు తక్కువ.

దీనికి మందు చాలా తేలిక. గెడ్డానికి కావాల్సింది ఒక్క గ్లాసు నీళ్లే. ఆ గ్లాసుడు ఫిల్టర్ నీళ్లో, పట్టిపెట్టుకున్న వాన నీళ్లో వాడండి. అవీ లేకపోతే బోరు నీళ్లే మరిగించి, తేరుకున్నాక పైనవి తీసుకోండి. కాఠిన్యం కొంతైనా తగ్గుతుంది.

ఒంటి సబ్బు ఎందుకు పనికిరాదు?

మామూలు ఒంటి సబ్బు ఎక్కువగా సోడియంతో తయారవుతుంది. దాని నురగ త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. షేవింగ్ సబ్బుల్లో, క్రీముల్లో పొటాషియం సబ్బు, స్టియరిక్ ఆమ్లం ఎక్కువ. అందుకే ఆ నురగ చిక్కగా ఉంటుంది, మొహం మీద నిలుస్తుంది. బుడగలు త్వరగా పొంగేది మాత్రం చాలావరకు కొబ్బరి నూనె పుణ్యమే. ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు, కొబ్బరి విలువ!

నురగ పని మొహం తెల్లగా కనిపించేలా చెయ్యడం కాదు. వెంట్రుకని తడిగా ఉంచడం, బ్లేడు జారేలా చూడటం. తడిసిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. ఎండు వెంట్రుక మొండికేస్తుంది.

ఇలా చేసి చూడండి

1. గోరువెచ్చని నీళ్లతో మొహం కడుక్కుని, రెండు మూడు నిమిషాలు తడిగానే ఉంచండి. స్నానం అయ్యాక గీసుకుంటే ఇంకా మంచిది.

2. బ్రష్‌ని నీళ్లలో నానబెట్టి, ఒకసారి విదిలించండి. నీళ్లు ఓడుతూ ఉండకూడదు.

3. క్రీమ్ అయితే బాదం గింజంత చాలు. సబ్బు అయితే దాని మీద బ్రష్‌ని అర నిమిషం తిప్పండి.

4. చిన్న గిన్నెలో బ్రష్ తిప్పుతూ, చుక్క చుక్కగా నీళ్లు కలపండి. ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. తొందరపడొద్దు.

5. చిలికిన మజ్జిగ మీద బుడగల్లా ఉంటే ఇంకా తిప్పాలి. గడ్డ పెరుగులా మెరుస్తూ, బ్రష్ ఎత్తితే కొన నిలబడితే కుదిరినట్టే. మొహం మీద ఎండిపోతుంటే నీళ్లు చాల్లేదు. కారిపోతుంటే నీళ్లు ఎక్కువైనట్టు.

6. ముందు వెంట్రుక వాలిన వైపే గీయండి. నున్నగా కావాలంటే మళ్లీ నురగ రాసి రెండోసారి గీయండి. ఉత్తి చర్మం మీద బ్లేడు పెట్టొద్దు. చివర్లో చల్లటి నీళ్లు, పటిక.

సెలూన్‌లో కూర్చుంటే...

చేయి తిరిగిన నాయీ బ్రాహ్మణ అన్నయ్య బ్రష్ తిప్పుతుంటే ఒకసారి గమనించండి. మనం పైన రాసుకున్నదంతా ఆయన చేతిలోనే ఉంటుంది. అయితే మొహమాటపడకుండా ‘అన్నా, కొత్త బ్లేడు వెయ్యి’ అని అడగండి. ఒకరికి వాడిన బ్లేడుతో హెపటైటిస్ బి, సి సోకే ప్రమాదం ఉంది. బ్రష్ కూడా శుభ్రంగా ఉండాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగా శుద్ధి చేయని జంతువుల వెంట్రుకలతో చేసిన బ్రష్‌ల వల్ల బ్రిటన్, అమెరికాల్లో సైనికులకి ఆంత్రాక్స్ సోకింది. ఇంట్లో సొంత బ్రష్ పెట్టుకోండి. వాడాక కడిగి, గాలి తగిలేలా ఆరబెట్టండి.

మొదటి రోజే కుదరకపోవచ్చు. అందుకే ఇంటర్వ్యూ రోజు ప్రయోగాలు వద్దు. ఎలాగూ మంగళవారం సెలూన్ మూసేస్తారు, ఆ రోజు ఇంట్లో ప్రయత్నించండి. ‘మంగళారం గెడ్డమేట్రా!’ అని అమ్మ కేకేస్తే... బుధవారం ఉండనే ఉంది!