4.3 పాడి పశువులకు అమర్చే సెన్సర్లు: ఎద గుర్తింపు

ఎద లక్షణాలను గత విభాగంలో తెలుసుకొన్నారు. అవి రైతు కంట పడకపోతే జరిగే నష్టాన్ని ముందుగా లెక్క వేద్దాం. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఏడాదికొక దూడ కావాలంటే ఈనిన 55 రోజులలోపే అది తిరిగి చూడి కట్టాలి. ఆచరణలో ఇది అరుదు. 13, 14 నెలలకొక ఈత వచ్చినా మంచిదే. చూడి కాలం 280 రోజులే కనుక ఆవుకు 85 రోజుల వ్యవధి ఉంటుంది. ఒక్క ఎద తప్పిపోతే మరో 21 రోజులు ఆగాలి. ఆ రోజులన్నీ మేపు ఖర్చు మాత్రం తప్పదు. గేదెల్లో ఎద తరచు రాత్రివేళ వస్తుంది, బయటి లక్షణాలు స్పష్టంగా కనబడవు. దీనినే మూగ ఎద అంటారు. వేసవిలో ఇది మరీ ఎక్కువ.

రాత్రంతా కాపలా కాయడం మనిషికి సాధ్యం కాదు కనుక ఆ పనిని సెన్సర్లకు అప్పగిస్తున్నారు. మెడపట్టీలో గాని, చెవికి గాని, కాలికి గాని అమర్చే ఈ పరికరంలో యాక్సిలరోమీటర్ ఉంటుంది. సెల్‌ఫోన్‌ను అడ్డంగా తిప్పినప్పుడు తెర కూడా తిరగడానికి కారణం ఇదే. ఇది పశువు కదలికను మూడు దిశలలో, సెకనుకు అనేకసార్లు కొలుస్తుంది. నడకకు, మేతకు, నెమరుకు వేర్వేరు కదలిక తీరులుంటాయి. నెమరు వేసేటప్పుడు దవడ నిమిషానికి దాదాపు 60 సార్లు ఒకే లయలో ఆడుతుంది; ముద్దను మింగి మరొకటి పైకి తెచ్చుకొనేటప్పుడు కొన్ని క్షణాలు ఆగుతుంది. మేతలో ఈ క్రమం ఉండదు. ఈ తేడా ఆధారంగానే పరికరం నెమరు సమయాన్ని లెక్కగడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు 7, 8 గంటలు నెమరు వేస్తుంది.

ఎద సమయంలో కదలిక పెరిగి నెమరు తగ్గుతుంది. నెమరుతోపాటు కదలిక కూడా తగ్గితే అజీర్తి, జ్వరం, పొదుగువాపు వంటివి అనుమానించాలి. అయితే పోల్చవలసింది పక్క ఆవుతో కాదు, అదే ఆవు గత కొద్ది రోజుల సమాచారంతో. ఈనబోయే ముందు కూడా నెమరు తగ్గుతుందని మరవకండి.

ఇక్కడొక చిక్కు ఉంది. అడుగులు లెక్కించే పరికరాలు కొట్టంలో విడిగా తిరిగే ఆవులకు బాగా పనిచేస్తాయి. మన గ్రామాలలో గేదెను పలుపుతో గుంజకు కట్టివేస్తారు. నడవని పశువు అడుగులు లెక్కించి ఏం లాభం? అటువంటిచోట నెమరును కొలిచే మెడపట్టీ నయం. అయినా గేదెల్లో మార్పు ఆవుల్లో అంత స్పష్టంగా ఉండదు. కొత్త కొట్టానికి మార్చిన రోజున తప్పుడు హెచ్చరికలూ వస్తాయి. కాబట్టి హెచ్చరిక రాగానే మానం నుంచి జిగట ద్రవం తీగలా కారుతున్నదేమో చూడాలి. ఎద ఉదయం మొదలైతే సాయంత్రం, సాయంత్రం మొదలైతే మర్నాటి ఉదయం సూది వేయించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ఆవు నెమరు సగానికి పడిపోయింది, అది రోజంతా పడుకొనే ఉంది. రైతు మొదట ఎవరిని పిలవాలి, కృత్రిమ గర్భధారణ కార్యకర్తనా, పశువైద్యుడినా? ఎందుకు?