బీమా వాటాలు – డివిడెండు లెక్క

తిరుపతిలోనో చిత్తూరులోనో ఉద్యోగ విరమణ చేసిన పెద్దలొకరు, చేతికందిన సొమ్ముతో బీమా సంస్థ వాటాలు కొని, ఏటేటా వచ్చు డివిడెండుతో ఇల్లు గడుపదలచినారనుకొందము. వారు మొదట చూడవలసినది ప్రకటనలోని శాతమును కాదు, తాము చెల్లించు ధరను.

జీవిత బీమా సంస్థ వాటాలు 2022 మే నెలలో విపణికి వచ్చినవి. 10 రూపాయల ముఖవిలువ గల వాటాను 949 రూపాయలకు విక్రయించిరి. 2024-25 సంవత్సరమునకు వాటాకు 12 రూపాయల డివిడెండు ఇచ్చిరి. ముఖవిలువపై ఇది నూటికి 120! వినుటకెంత ఇంపు! కాని లక్ష రూపాయలు పెట్టినవారికి వచ్చునవి 105 వాటాలు. ఏడాదికి 1,260 రూపాయలు, అనగా నెలకు 105. 2021-22లో వాటాకు రూపాయిన్నరయే ఇచ్చిరి గనుక పెరుగుదల లేదనము.

ఆ పెరుగుదలకును హద్దు కలదు. బోనసు గల పాలసీల మిగులులో వాటాదారుల భాగము పదవ వంతుకు మించదు. బోనసు లేని పాలసీల మిగులు వారిదే. కావున సంస్థ ఏ పాలసీలను ఎక్కువగా అమ్ముచున్నదో విచారింపవలెను. వడ్డీ విషయమున ధర్మసందేహము గలవారు ఉలమాలనే అడుగవలెను. మేము చెప్పునది లెక్క మాత్రమే.

మరియొకటి. 2020 ఏప్రిలులో, కోవిడ్ కాలమున, హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థయే ఆ ఏటి లాభములపై డివిడెండు ఈయవలదని బీమా సంస్థలను కోరినది.